పాత స్పైడర్‌మ్యాన్‌ను, కొత్త స్పైడర్‌మ్యాన్‌ను పక్కపక్కన పెట్టి చూడటం ఎలా

2002 వేసవిలో హనుమకొండ చౌరస్తాకు దగ్గరలోని ఒక థియేటర్‌లో స్పైడర్‌మ్యాన్ చూసినప్పుడు నేను తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్నాను. ఆ తరువాత పదేళ్లపాటు, పీటర్ పార్కర్‌ను పెంచిన అంకుల్ బెన్ రోడ్డు పక్కన రక్తపు మడుగులో పడి, గొప్ప శక్తి వెంట గొప్ప బాధ్యత కూడా వస్తుందని చెప్పి కన్నుమూసిన దృశ్యం నా కళ్లకు కట్టినట్టే ఉండేది. 2012లో కొత్త నటులతో, కొత్త దర్శకుడితో అదే కథ మళ్లీ మొదటి నుంచి వచ్చినప్పుడు, ఆ ఆఖరి మాటే లేని సినిమా ఏం సినిమా అని స్నేహితులతో గట్టిగా వాదించాను. వాదన గెలుద్దామని పాత చిత్రం డీవీడీ తెచ్చి పెడితే, నేను చెప్పిన సీన్ అందులో లేనే లేదు. బెన్ ఆ మాట చెప్పేది లైబ్రరీ ముందు ఆపిన కారులో, ప్రాణాపాయం ఊసే లేని ఒక మామూలు సాయంత్రం. చనిపోయేటప్పుడు ఆయన నోట పీటర్ పేరు తప్ప మరో మాట రాదు. పోయే ప్రాణంతో నీతి చెప్పి చేయి జారవిడిచే పెద్దమనుషులను మన సినిమాల్లో లెక్కలేనంత మందిని చూసిన నా మనస్సు, కారులోని మాటను తీసుకువెళ్లి చావు దగ్గర పెట్టుకుందన్నమాట.

ఒక సూపర్‌హీరో చిత్రాన్ని, దాని రీబూట్‌ను పోల్చి మాట్లాడాలనుకునేవారికి నేను ఆ రోజు నుంచి నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో డిగ్రీ చదువుతూ సెమినార్ కోసం సినిమా మీద రాయవలసిన విద్యార్థులకు, ఆదివారం పూట నలుగురు కూర్చుని చూసి మాట్లాడుకునే స్నేహ బృందాలకు ఇది ఉపయోగపడుతుంది. కావలసినవి రెండు చిత్రాలు, ఒక పొడుగు నోట్‌బుక్కు, ఒక వారం వ్యవధి.

ఏ జతను ఎంచుకోవాలి

ముందుగా రీబూట్ అంటే ఏమిటో తేల్చుకోవాలి. ఒక భాషలోని కథను మరో భాషలో మళ్లీ తీస్తే రీమేక్ అని, పాత కథ ఆగిన చోటి నుంచి ముందుకు తీసుకువెళితే సీక్వెల్ అని మనకు బాగా అలవాటే. రీబూట్ ఈ రెండూ కాదు. అవే పాత్రలు, అదే భాష ఉన్నా, వెనుకటి చిత్రాల్లో జరిగినదంతా జరగనట్టే లెక్కగట్టి కథను మొదటి నుంచి ఎత్తుకోవడం రీబూట్. 1997 నాటి బ్యాట్‌మ్యాన్ చిత్రం తరువాత 2005లో క్రిస్టఫర్ నోలన్ ఆ పాత్రను బాల్యం నుంచి మళ్లీ మొదలుపెట్టిన తీరు దీనికి పేరుపొందిన ఉదాహరణ.

మొదటిసారి పోల్చేవారు రెండు చిత్రాలూ పుట్టుక కథనే పూర్తిగా చెప్పే జతను తీసుకోవాలి. హల్క్ విషయంలో 2003 నాటి చిత్రం పుట్టుకను విస్తారంగా చెబుతుంది. 2008 నాటిది మాత్రం దాన్ని పేర్లు పడే సమయంలోనే ముగించి పరుగెత్తుతుంది. అందువల్ల ఒకే ఘట్టాన్ని ఇద్దరు దర్శకులు ఎలా చెప్పారో పక్కపక్కన పెట్టి చూసే వీలు అక్కడ తక్కువ. స్పైడర్‌మ్యాన్ జతలో ఆ ఇబ్బంది లేదు. 2002లో శామ్ రైమీ దర్శకత్వంలో టోబీ మగ్వైర్ నటించినది, 2012లో మార్క్ వెబ్ దర్శకత్వంలో ఆండ్రూ గార్‌ఫీల్డ్ నటించినది, రెండూ సాలీడు కాటుతో, పెంచినవాడి చావుతో, ముసుగు కుట్టుకోవడంతో నడుస్తాయి. ఈ వ్యాసంలో ఆ రెండింటినే ఉదాహరణగా తీసుకుంటాను.

చూడటానికి ముందు

మొదటి పని చూడటం కాదు, రాయడం. పాత చిత్రం గురించి గుర్తున్నదంతా, తప్పో ఒప్పో చూసుకోకుండా, ఒక పేజీ నిండా రాసి తేదీ వేసి పక్కన పెట్టండి. ఆ పేజీ తరువాత పనికి వస్తుంది. అది రాయకపోతే మీరు కొత్త చిత్రాన్ని పోల్చేది పాత చిత్రంతో కాదు, చిన్నప్పటి మీ ముచ్చటతో.

రెండో పని భాషను తేల్చుకోవడం. ఒకటి తెలుగు డబ్బింగ్‌లో, మరొకటి ఆంగ్లంలో చూసి పోల్చడం చాలామంది చేసే పొరపాటు. అలా చూస్తే నటుడి గొంతుకూ డబ్బింగ్ కళాకారుడి గొంతుకూ మధ్య ఉన్న తేడాను దర్శకుల మధ్య తేడాగా పొరబడతాము. తెలుగైతే రెండూ తెలుగు, ఆంగ్లమైతే రెండూ ఆంగ్లం, అంతే. డబ్బింగ్‌లో చూసేవారు వరుసల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఆంగ్లంలో అంకుల్ అనేస్తే సరిపోతుంది కానీ, తెలుగులో ఆయన పెదనాన్నా, బాబాయా, మామయ్యా అన్నది తేల్చక తప్పదు. ఇంటిపేరు పార్కర్ కాబట్టి తండ్రి తరఫు మనిషి అని తెలుస్తుంది. వరుస మారితే ఆ ఇంట్లో ఉన్న చనువు, భయం కూడా మన చెవికి మారిపోతాయి. నేను ఆంగ్ల మాటలనే విని, అర్థం కాని చోట సబ్‌టైటిల్స్ చదువుకునే పద్ధతినే సిఫారసు చేస్తాను.

మూడవది వరుసక్రమం. పాతది ఇదివరకే చూసినవారు కొత్తదాన్ని ముందు చూడాలని నా అభిప్రాయం. పాతదాన్ని ముందు చూస్తే అది తూకపు రాయి అయిపోతుంది, ఆ తరువాత చూసేదంతా ఎక్కువో తక్కువో అయిన సరుకుగానే కనిపిస్తుంది. కొత్తది ముందు చూస్తే దాని నడక దానికి ఉందని తెలుస్తుంది. రెండూ చూడనివారు మాత్రం విడుదలైన వరుసలోనే చూడటం మంచిది. రెండు చిత్రాలనూ ఒకే రోజు పెట్టుకోవద్దు. ఒకటి 121 నిమిషాలు, మరొకటి 136 నిమిషాలు. నాలుగు గంటలకు పైగా కూర్చుంటే రెండో చిత్రం చివరి అరగంటకు శ్రద్ధ మిగలదు, ఆ అలసట ఖాతా కూడా సినిమా మీదే పడుతుంది.

ఇంట్లో స్నేహితులతో చూసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. హాలు తీసుకుని, పది ఊళ్లకు కబురు పెట్టి బహిరంగంగా ప్రదర్శించాలంటే మాత్రం హక్కుదారుల నుంచి లైసెన్సు కావాలి. ఉత్సాహంలో ఈ సంగతి మరచిపోతుంటారు.

ఘట్టాలను పట్టుకోవడం

మన ప్రాంతంలో ఒక కథను పదిమంది పది విధాలుగా చెప్పడం కొత్త విషయం కాదు. కొమురవెల్లిలోనూ ఐనవోలులోనూ మల్లన్న కథ విన్నవారు, కథ ఇదివరకు విన్నదే కదా అని లేచిపోరు. చుక్క సత్తయ్య, మిద్దె రాములు వంటి ఒగ్గు కళాకారుల కథలకు జనం కదలకుండా కూర్చున్నది తరువాత ఏం జరుగుతుందో తెలియక కాదు. కథ విని వచ్చినవాణ్ణి ఊళ్లో అడిగే మాట "ఆ ఘట్టం ఎట్ల చెప్పిండు?" అని. రీబూట్‌ను చూడవలసిన తీరు సరిగ్గా ఇదే. కథ మారిందా లేదా అన్నది చిన్న ప్రశ్న. ఎవరు చెప్పినా తప్పించుకోలేని ఘట్టాలు ఏవి, ఆ ఘట్టం దగ్గర ఈ చెప్పేవాడు ఏ నిర్ణయం తీసుకున్నాడు, ఆ నిర్ణయం వల్ల తరువాతి కథ ఎటు మళ్లింది అన్నవి పెద్ద ప్రశ్నలు.

నోట్‌బుక్కును చేర్యాల పటంలాగా వాడుకోండి. ఆ పటంలో బొమ్మలు అడ్డంగా గీసిన గడుల్లో ఒకదాని కింద ఒకటిగా ఉంటాయి. కథకుడు చుట్టను విప్పుతూ ఒక్కో గడిని చూపుతాడు. అదే విధంగా పేజీకి నడుమ నిలువు గీత గీసి, ఎడమ వైపు పాత చిత్రానికి, కుడి వైపు కొత్త చిత్రానికి ఇచ్చి, ఒక్కో ఘట్టానికి ఒక్కో అడ్డగడి కేటాయించండి. గడిలో మొదట రాయవలసింది ఎన్నో నిమిషంలో ఆ ఘట్టం మొదలైందో, ఎన్నో నిమిషంలో ముగిసిందో. ఆ తరువాత ఏం జరిగిందో, ఎవరు ఏమన్నారో. బాగుంది, బాగాలేదు, బోరు కొట్టింది వంటి మాటలకు గడిలో చోటు ఇవ్వకండి. వాటికి వెనుక పేజీ ఉంది.

ఏ ఘట్టానికి ఎంత లోతుకు వెళ్లాలో చూపించడానికి బెన్ చావుకు దారితీసిన ఘట్టాన్నే కొంచెం విస్తారంగా చూద్దాం.

పాత చిత్రంలో పీటర్ లైబ్రరీకి వెళుతున్నానని అబద్ధం చెప్పి కుస్తీ పోటీకి వెళతాడు. మూడు నిమిషాలు నిలబడితే మూడు వేల డాలర్లన్నది ప్రకటన. పీటర్ రెండు నిమిషాల్లోనే ఎదుటివాడిని పడగొట్టాడని సాకు చెప్పి నిర్వాహకుడు వంద డాలర్లు మాత్రమే చేతిలో పెడతాడు, నీ కష్టం నాకెందుకు అన్నట్టు మాట్లాడతాడు. మరుక్షణం ఆ నిర్వాహకుణ్ణి ఒక దొంగ దోచుకుని పారిపోతుంటే పీటర్ పక్కకు జరిగి దారి ఇస్తాడు, నిర్వాహకుడి మాటనే నిర్వాహకుడికి తిప్పి అప్పగిస్తాడు. బయట పీటర్ కోసం కారులో వేచి ఉన్న బెన్‌ను ఆ దొంగే కాల్చి కారు ఎత్తుకుపోతాడు.

కొత్త చిత్రంలో కుస్తీ పోటీ లేదు. బెన్‌తో గొడవపడి ఇంట్లో నుంచి బయటికి వచ్చిన పీటర్ ఒక దుకాణంలో చాక్లెట్ పాలు కొనబోతే రెండు సెంట్లు తక్కువ పడతాయి. కౌంటరు మీద చిల్లర డబ్బా ఉన్నా, దుకాణం నియమం ఒప్పుకోదని కౌంటరులోని మనిషి మొండికేస్తాడు. వెనుక నిలబడ్డవాడు గల్లాపెట్టె ఖాళీ చేసి, పోతూ పోతూ ఆ పాల సీసాను పీటర్‌కే విసిరి పోతాడు. దుకాణం మనిషి సాయం అడిగితే, అది నా నియమం కాదని పీటర్ జవాబిస్తాడు. పీటర్‌ను వెతుకుతూ వీధిలోకి వచ్చిన బెన్, కింద పడ్డ తుపాకీ కోసం ఆ దొంగతో పెనుగులాడి చనిపోతాడు.

రెండు గడులూ నింపిన తరువాత మొదట ఏది మారలేదో చూడండి. అవతలివాడి మాటను అవతలివాడికే తిప్పి కొట్టడం రెండింటిలోనూ ఉంది. అంటే ఈ ఘట్టానికి ఆయువుపట్టు కుస్తీ కాదు, పగతో కూడిన ఆ ఎదురుమాట అని తెలుస్తుంది. తరువాత మారినదాన్ని చూడండి. పాతదానిలో పీటర్‌ను ముంచినది 2,900 డాలర్ల మోసం, కొత్తదానిలో రెండు సెంట్ల పిసినారితనం. కోపానికి కారణం చిన్నదయ్యే కొద్దీ పీటర్ తప్పు పెద్దదవుతుంది. నా దృష్టిలో ఈ ఒక్క చోట కొత్త చిత్రమే గట్టిది. మా బృందంలో ఒక పెద్దమనిషి మాత్రం దీన్ని అసలు నమ్మలేదు. మన కిరాణా కొట్టులో రూపాయి తక్కువైతే "రేపియ్యి తీయ్" అని సామాను చేతిలో పెడతారు కదా, రెండు పైసల కోసం అంత రభస ఎవరు చేస్తారని ఆయన వాదన. ఆ అభ్యంతరాన్ని కూడా వెనుక పేజీలో రాసుకున్నాను, ఎందుకంటే చూసేవాడి ఊరు కూడా పోలికలోకి వస్తుంది.

ఇంతటితో ఆగకుండా, ఆ నిర్ణయం ఎక్కడికి దారితీసిందో వెంబడించాలి. పాత చిత్రంలో పీటర్ ఆ రాత్రే హంతకుడిని పట్టుకుంటాడు, ముఖం చూస్తాడు, తాను వదిలేసినవాడే అని గుర్తిస్తాడు. వాడు వెనక్కి తూలి కిటికీలోంచి పడి చస్తాడు. పగ అక్కడితో ముగుస్తుంది కాబట్టి ఆ తరువాతి కథంతా ప్రతినాయకుడు గ్రీన్ గాబ్లిన్‌దే. కొత్త చిత్రంలో హంతకుడు దొరకడు. మణికట్టు మీద నక్షత్రం పచ్చబొట్టు ఉన్నవాడి కోసం పీటర్ రాత్రిళ్లు వీధులు గాలిస్తాడు. ముసుగు అతనికి మొదట ప్రజాసేవ కోసం కాదు, ఈ వేట కోసం అవసరమవుతుంది. పోలీసు కెప్టెన్ స్టేసీ తన ఇంట్లో భోజనాల దగ్గర ఎత్తిపొడిచేది కూడా ఇదే విషయాన్ని. ఆ తరువాత వంతెన మీద వేలాడుతున్న కారులో చిక్కుకున్న పిల్లవాడిని కాపాడేటప్పుడు, భయపడవద్దని తన ముసుగునే వాడికి ఇచ్చినప్పుడు పీటర్ మారతాడు. ఆ పిల్లవాడి తండ్రి క్రేన్ నడిపే కార్మికుడు. చివరి పోరాటానికి గాయపడ్డ కాలుతో వెళుతున్న స్పైడర్‌మ్యాన్‌కు దారిగా, ఆయన తోటివారిని పిలిచి వీధి పొడవునా క్రేన్లను వరుసగా తిప్పి నిలబెడతాడు. హంతకుడు దొరకకపోవడం, వంతెన, క్రేన్లు ఒకే దారానికి గుచ్చినవి. ఆ దారాన్ని చూడకుండా క్రేన్ల సీన్‌ను అతి అని కొట్టిపారేస్తే పోలిక చేసినట్టు కాదు.

ఇక పాత చిత్రంలో దీనికి సమానమైన గడి ఏది? అక్కడ కూడా వంతెన ఉంది. క్వీన్స్‌బరో వంతెన మీద ఒక చేత్తో తాను ప్రేమించే మేరీ జేన్‌ను, మరో చేత్తో పిల్లలున్న రోప్‌వే బండిని పట్టుకుని వేలాడుతున్న స్పైడర్‌మ్యాన్‌ను గాబ్లిన్ కొట్టబోతే, పైన నిలబడ్డ న్యూయార్క్ జనం చేతికి దొరికినవి విసిరి వాడిని తరుముతారు. రెండు చిత్రాల్లోనూ ఊరి జనమే హీరోను ఆదుకున్నారు. పాతదానిలో వారు పేరులేని గుంపు, కొత్తదానిలో రుణం తీర్చుకునే ఒక తండ్రి. ఏది మేలన్నది అడగవద్దు, ఒకటి ఊరి కథ, మరొకటి ఇంటి కథ అని రాసుకుంటే చాలు.

రహస్యం అనే ఘట్టం మీద కూడా కొంత సమయం పెట్టవచ్చు. పాత చిత్రంలో మేరీ జేన్‌కు చివరి వరకు నిజం తెలియదు. వానలో తలకిందులుగా వేలాడుతున్నవాడి ముసుగును సగం వరకే దించి ముద్దు పెట్టడం ఆ చిత్రానికి గుర్తుగా మిగిలిపోవడానికి కారణం, ఆ సగం ముసుగులోనే కథంతా ఉండటం. చివర శ్మశానంలో ఆమె ప్రేమను ఒప్పుకున్నా పీటర్ కాదని నడిచి వెళ్లిపోతాడు. కొత్త చిత్రంలో పీటర్ నడిమధ్యలోనే తాను ప్రేమించిన కెప్టెన్ కూతురు గ్వెన్ స్టేసీకి అసలు సంగతి చెప్పేస్తాడు. దాంతో ఆమె ఎదురుచూసే అమ్మాయిగా కాకుండా పనిలో భాగస్వామి అవుతుంది, విరుగుడు మందును ఆస్కార్ప్ ప్రయోగశాలలో తయారుచేసేది ఆమే. అయితే రహస్యం పోయిన చోట మరో అడ్డంకి కావాలి కాబట్టి, చనిపోతున్న కెప్టెన్ స్టేసీ తన కూతురికి దూరంగా ఉండమని పీటర్ చేత మాట తీసుకుంటాడు. నేను పాత చిత్రంలో ఉందనుకున్న మరణ వాక్యం కొత్త చిత్రంలో, మరో తండ్రి నోట ఉంది! నా పేజీలోని తప్పు ఇలా సగం నిజమైంది.

ప్రతినాయకుల గడిలో ఒక్క ప్రశ్న చాలు: వీడు పుట్టడంలో పీటర్ పాత్ర ఉందా? నార్మన్ ఆస్బర్న్ తన ఒత్తిడిలో తానే ప్రయోగం చేసుకుని గాబ్లిన్ అయ్యాడు. కానీ కొత్త చిత్రంలో బల్లిగా మారే డాక్టర్ కర్ట్ కానర్స్‌కు కావలసిన సూత్రాన్ని, తండ్రి కాగితాల నుంచి తీసి ఇచ్చినవాడు పీటరే. ఈ కానర్స్ రైమీ రెండో, మూడో చిత్రాల్లో ఒక మామూలు అధ్యాపకుడిగా కనిపించి బల్లిగా మారకుండానే వెళ్లిపోయాడన్నది సరదా సంగతి. పత్రికాధిపతి జేమ్సన్ స్థానంలో కొత్త చిత్రం పోలీసు కెప్టెన్‌ను పెట్టింది. జె.కె. సిమన్స్ నటించిన ఆ జేమ్సన్ లేని లోటును ఏదీ పూడ్చలేదని నేను పక్షపాతంతోనే అంటాను.

గ్రాఫిక్స్ గురించి ఎక్కువ రాయనవసరం లేదు. 2002 నాటి బొమ్మను ఇప్పటి కంటితో వెక్కిరించడం సులువు. ఆ సంవత్సరం ఆ పనికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది, 2004 నాటి రెండో భాగానికి ఆస్కారే వచ్చింది. సంగీతానికి మాత్రం ఒక చిన్న ప్రయోగం చేయండి. తెర ఆపివేసి డానీ ఎల్ఫ్‌మన్ బాణీనీ, జేమ్స్ హార్నర్ బాణీనీ ఐదేసి నిమిషాలు వినండి. రెండు చిత్రాల స్వభావం కంటి కంటే ముందు చెవికే తెలిసిపోతుంది.

మూలంతో సరిచూసుకోవడం

పోలిక మధ్యలో ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట, పాతదే అసలైనది అని. ఆ మాటను పరీక్షించడానికి మూలానికి వెళ్లాలి. స్టాన్ లీ రాసి స్టీవ్ డిట్కో బొమ్మలు గీసిన తొలి కథ 1962 ఆగస్టు సంచికగా అమేజింగ్ ఫాంటసీ 15వ సంచికలో వచ్చింది. మొత్తం 11 పేజీలు. దాన్ని చదవడానికి అరగంట పట్టదు, కానీ చాలా వాదాలు అక్కడే తెగిపోతాయి.

సాలెగూటి దారం మణికట్టులోంచి దానంతట అదే రావడం రైమీ చిత్రంలోని మార్పు. మూలంలో పీటర్ ఆ దారాన్ని విసిరే యంత్రాలను స్వయంగా తయారుచేసుకుంటాడు, 2012 నాటి చిత్రం అక్కడికే తిరిగి వెళ్లింది. యంత్రం కాబట్టి విరుగుతుంది, చివరి పోరాటంలో బల్లి వాటిని నలిపివేయడం అందుకే సాధ్యమైంది. గ్వెన్ స్టేసీ కామిక్స్‌లోకి 1965లో వచ్చింది, మేరీ జేన్ ముఖం పాఠకులు చూసింది 1966లో. గాబ్లిన్ వంతెన మీది నుంచి అమ్మాయిని పడవేయడం 1973 నాటి సంచికలో గ్వెన్‌కు జరిగిన ఘోరం, రైమీ దాన్ని మేరీ జేన్‌కు మార్చి ఆమెను బ్రతికించాడు. కుస్తీ విషయంలో మాత్రం పాత చిత్రమే మూలానికి దగ్గర. కొత్తదానిలో పీటర్ పైకప్పు విరిగి ఒక పాడుబడ్డ కుస్తీ గోదాలో పడి, గోడ మీది మల్లుల పోస్టర్లు చూసి ముసుగు ఆలోచన తెచ్చుకుంటాడు. వదిలిపెట్టిన ఘట్టానికి పెట్టిన దండం అది.

శక్తి, బాధ్యతల వాక్యం మరీ విచిత్రమైనది. 1962 కథలో బెన్ ఆ మాట అననే అనలేదు. అది ఆఖరి గడిలో కథకుడు చెప్పే మాట. రైమీ దాన్ని కారులో బెన్ నోట పెట్టాడు. వెబ్ చిత్రంలో బెన్ ఆ భావాన్నే వేరే మాటల్లో కోపంగా చెబుతాడు, ఆయన చివరి ఆప్యాయత ఫోన్‌లో మిగిలిన సందేశంగా సినిమా చివర వినిపిస్తుంది. 2021లో ముగ్గురు స్పైడర్‌మ్యాన్లూ కలిసిన చిత్రంలో ఆ మాట మే పార్కర్‌దైంది, అంటే పీటర్‌ను పెంచిన మే ఆంటీ నోటికి వచ్చింది, అది కూడా ప్రాణం పోయేముందు. ఒక్క వాక్యం అరవై ఏళ్లలో కథకుడి నుంచి బెన్‌కు, బెన్ నుంచి మేకు చేరిన ఈ ప్రయాణాన్ని ఒక్కదాన్నే తీసుకుని సెమినార్ పత్రం రాయవచ్చు.

సినిమా బయటి సంగతులు

రీబూట్ ఎందుకు తీశారన్నది తెలియకుండా ఎలా తీశారన్నది సరిగా అర్థం కాదు. రైమీతో నాలుగో భాగం తీసే ప్రయత్నాన్ని సోనీ సంస్థ 2010 జనవరిలో విరమించుకుని, కథను మొదటి నుంచి చెబుతామని ప్రకటించింది. పాత్ర మీది చలనచిత్ర హక్కులు చేతిలో ఉండాలంటే చిత్రాలు తీస్తూ ఉండాలి కాబట్టి, ఎక్కువ కాలం ఆగే వెసులుబాటు కూడా ఆ సంస్థకు లేదు. మూడో భాగం 2007లో వచ్చింది. అంటే ఐదేళ్లకే అదే సాలీడు మళ్లీ కుట్టింది. ఇంత త్వరగా ఎందుకన్న ప్రశ్నకు జవాబుగానే ప్రచారంలో ఇదివరకు చెప్పని కథ అన్న మాటను ముందుకు తెచ్చారు, తల్లిదండ్రుల అదృశ్యంతో చిత్రాన్ని మొదలుపెట్టారు. ఆ దారం చివరి వరకు ముడిపడదు, చిత్రానికి పెద్ద లోపం అదే.

పాత చిత్రానికీ దాని కాలం ఉంది. న్యూయార్క్ జంట భవనాల మధ్య అల్లిన సాలెగూటిలో హెలికాప్టర్ చిక్కుకునే తొలి ప్రచార చిత్రాన్ని 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత వెనక్కి తీసుకున్నారు. సినిమా విడుదలైనది ఎనిమిది నెలలైనా నిండకముందు, 2002 మే 3న. వంతెన మీద ఊరి జనం ఏకమైన సీన్‌ను అక్కడివారు ఏ మనస్సుతో చూసి ఉంటారో ఊహించవచ్చు. మొదటి వారాంతంలోనే అమెరికాలో 10 కోట్ల డాలర్లు దాటిన తొలి చిత్రం అది. కలెక్షన్లను ఇంతకుమించి పోలికలోకి తేవద్దు. టికెట్ ధరలు, 3డి అదనపు రుసుములు కలిసిన అంకెలతో ఘట్టాలను తూచలేము.

నలుగురిలో చర్చ, ఆ తరువాత రాత

చర్చను మొదలుపెట్టే ముందు ప్రతి ఒక్కరూ తాము మొదట చూసిన స్పైడర్‌మ్యాన్ ఎవరో, అప్పటి తమ వయస్సెంతో చెప్పాలి. నేను చూసినంతలో పదేళ్ల నుంచి పదిహేనేళ్ల మధ్య ఎవరిని చూశామో వారినే జీవితాంతం సమర్థిస్తాము. మగ్వైర్‌వాళ్లు ఒక వైపు, గార్‌ఫీల్డ్‌వాళ్లు ఒక వైపు కూర్చుంటే, 2017లో టామ్ హాలండ్‌తో మొదలుపెట్టిన ఇంటర్ పిల్లలు ఇద్దరినీ చూసి నవ్వుతారు. వారికి కూడా చోటు ఇవ్వండి, ఎందుకంటే వారు చూసిన చిత్రంలో సాలీడు కాటు గానీ బెన్ చావు గానీ తెర మీద లేవు. అందరికీ తెలిసిన ఘట్టాన్ని మూడోసారి చెప్పకుండా దాటవేయడం కూడా ఒక నిర్ణయమే, దానికీ ఒక ఖాళీ గడి గీయాలి. నటుల వయస్సు గురించి ఎవరైనా మొదలుపెడితే, బడి పిల్లవాడిగా నటించిన మగ్వైర్‌కు విడుదల నాటికి 26, గార్‌ఫీల్డ్‌కు 28 అని చెప్పి ముగించండి.

ఎవరు గొప్ప అన్న ప్రశ్నను చివరి పది నిమిషాలకు ఆపి ఉంచాలి. ముందే వదిలితే మిగతా సాయంత్రమంతా అదే మింగేస్తుంది. మా ఇంట్లో ఒకసారి చాయ్ చల్లారిపోయే దాకా అదే జరిగింది.

రాసేటప్పుడు ఇందులో ఇది ఉంది, అందులో అది లేదు అన్న తరహా వాక్యాలను జాబితాగా పేర్చవద్దు. ప్రతి వాక్యంలోనూ ఒక నిర్ణయం, దాని ఫలితం ఉండేలా చూసుకోండి. పాత చిత్రంలో హంతకుడు ఆ రాత్రే చనిపోయాడు కాబట్టి పీటర్‌కు మిగిలినది పశ్చాత్తాపం, కొత్త చిత్రంలో దొరకలేదు కాబట్టి మిగిలినది పగ అన్నట్టు రాస్తే చదివేవాడికి రెండు చిత్రాలూ ఒకేసారి కనిపిస్తాయి. వ్యాసాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే, రెండింటిలోనూ వినిపించే ఒక ప్రశ్నతో మొదలుపెట్టవచ్చు. పాత చిత్రం నేనెవరిని అన్న పీటర్ గొంతుతోనే తెరుచుకుని, నేను స్పైడర్‌మ్యాన్‌ను అన్న జవాబుతో ముగుస్తుంది. కొత్త చిత్రం చివర తరగతి గదిలో ఉపాధ్యాయురాలు, ప్రపంచంలోని కథలన్నింటికీ ఉన్నది ఒకే ఇతివృత్తమని, అది నేనెవరిని అన్న ప్రశ్నేనని చెబుతుంది. ఒకరు జవాబుతో ముగించారు, ఒకరు ప్రశ్నతో ముగించారు.

రాత పూర్తయిన తరువాత, మొదట తేదీ వేసి పక్కన పెట్టిన జ్ఞాపకాల పేజీని తీసి ఎర్ర సిరాతో దిద్దుకోండి. చివరగా, రెండు చిత్రాలూ జవాబు చెప్పకుండా వదిలిన ప్రశ్నలకు ఒక పేజీ ఉంచండి. నా పేజీలో, కొత్త చిత్రంలో ఇర్ఫాన్ ఖాన్ నటించిన రజిత్ రాథా పాత్ర వంతెన మీద కారులో కనిపించిన తరువాత ఏమైందన్న ప్రశ్న మొదట ఉంది. 2014 నాటి కొనసాగింపు చూసేటప్పుడు ఆ పేజీని దగ్గర పెట్టుకోండి. పీటర్ తండ్రి ఎందుకు పారిపోయాడన్న ప్రశ్నకు అందులో జవాబు దొరుకుతుంది. నక్షత్రం పచ్చబొట్టు ఉన్నవాడు మాత్రం అందులోనూ దొరకడు.